తుపాకీల అప్పలనరసమ్మ, మా మేనత్త

మా మేనత్త అప్పలనరసమ్మగారు కార్తీక బహుళ పంచమి నాటి ఉదయం అంకులిలోని మా పొలం ఇంట్లో కాలధర్మం చెందారు. నాలుగు రోజుల జ్వరం. ఆమెకు ఇలాంటి మామూలు కారణంతో మరణం వస్తుందని నేను ఏనాడూ ఊహించలేదు. మా నాన్నగారు నాడి చూసి ఆమె చెయ్యి మెల్లగా మంచం మీద పెట్టినప్పుడు, ఆమె కళ్ళు తెరిచి, చెయ్యి ఎందుకు వదిలేశావని తమ్ముణ్ణి మందలిస్తుందనే అనుకున్నాను. మందలించలేదు. పాదాల దగ్గర కూర్చున్న నాకు ఆ విషయం అర్థం కావడానికి చాలాసేపు పట్టింది.

నిజం రాయాలి గనక రాస్తున్నాను. నాకు మొదట దుఃఖం రాలేదు. భయం వేసింది. అంకులిలో మా పొలానికి ఒకప్పుడు కాపలా ఉన్న సన్నాసికి ఎడమచేతి మూడు వేళ్ళు లేవు. అవి ఎవరి తప్పువల్ల పోయాయో అత్తకూ నాకూ మాత్రమే తెలుసు. ఏడేళ్ళుగా ఊరంతా అది సన్నాసి తప్పే అనుకుంటోంది. సన్నాసి కూడా అలాగే అనుకున్నాడు. తప్పు నాది. అతనిదని చెప్పింది అత్త. ఆమె శ్వాస ఆగిన ఆ ఉదయం, ఆ సంగతి తెలిసినదాన్ని లోకంలో నేనొక్కతెనే మిగిలాను.

ఆమెను ఎరిగినవారికి ఈ వ్యాసం కొంత కష్టం కలిగించవచ్చు. ఆమెను ఎరగనివారికి ఆమె ఎటువంటిదో తెలియాలి. రెండు పనులూ ఒకేసారి చేయడం నాకు చేతనవుతుందో లేదో తెలియదు.

మా తాతగారు కొలువులో అమీనుగా పనిచేసి, అంకులిలో కొంత పల్లం, కొంత మెరక సంపాదించారు. వాటితోపాటు రెండు తుపాకీలు కూడా సంపాదించారు. రెండూ నోటి నుంచి మందు పోసి దట్టించే పాతకాలపు తుపాకీలే. ఒకటి జంట గొట్టాలది, ఒకటి ఒంటి గొట్టంది. పంట చేతికొచ్చే రోజుల్లో కొండల వైపు నుంచి అడవిపందులు దిగుతాయి. ఒక్క మంద దిగితే ఒక మడి మిగలదు. తుపాకీ లేని రైతు డబ్బాలు వాయించుకుంటూ కూర్చోవలసిందే.

అత్తకు పదహారో ఏట భర్త పోయాడు. పుట్టింటికి తీసుకువచ్చిన ఏడాది తాతగారు ఆమెకు తుపాకీ కడగడం నేర్పారట. వేరే ఏ పని చెప్పినా ఏడుస్తూ చేసేదట, ఈ పని చేసినంతసేపూ ఏడవకుండా ఉండేదని ఆయన కనిపెట్టారు. అప్పటి నుంచి నలభై ఏళ్ళకు పైగా ఆ రెండు తుపాకీలూ ఆమెవే. లైసెన్సు మాత్రం తాతగారి తరవాత నాన్నగారి పేరుకు మారింది. నాన్నగారు బరంపురంలో బడిపంతులు. ఆయన తుపాకీ పట్టుకోవడం ఏటా ఒక్కసారే, ఛత్రపురం కచేరీలో లైసెన్సు తిరగరాయించుకునే రోజున. ఆ ఉదయం అత్త గుమ్మంలో నిలబడి వీధిలో పోయేవాళ్ళకు వినపడేటట్టు అనేది.

"గొట్టం ఏ పక్కనుందో సూసుకోరా తమ్ముడా. దొరకి సలాం పెట్టబోయి గురి పెట్టీగల్వు."

నాన్నగారు నవ్వేవారు. ఆయన నవ్వు చూస్తే నాకు అన్నం సహించేది కాదు.

ఆ లైసెన్సు కాగితంలో తుపాకీ పట్టవచ్చునని ఇద్దరి పేర్లే ఉండేవి, నాన్నగారిదీ, కాపలాదారు సన్నాసిదీ. ఏ గొట్టంలో ఏ అంగుళం దగ్గర చిన్న గుంట ఉందో చేతి స్పర్శతో చెప్పగలిగిన మనిషి పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు. అంకులిలోని ఒడియావాళ్ళు ఆమెను 'బొంధుకొ మా' అనేవారు, తుపాకీ తల్లి అని. ఆ పిలుపు ఆమెకు ఇష్టం. ఇష్టమని ఎవరితోనూ అనలేదు, కాని అలా పిలిచినవాళ్ళకు మజ్జిగ దక్కేది.

ఆమె దగ్గర నేను పదో ఏట శిష్యురాలినయ్యాను. నల్లని తుపాకిమందు కాల్చిన తుపాకీ చూడడానికి బాగానే ఉంటుంది. లోపల మాత్రం మసి పేరుకుంటుంది. ఆ మసి గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. మన బరంపురం ప్రాంతంలో సముద్రపు గాలికి చెమ్మ కరవు లేదు. ఇవాళ కాల్చి రేపు కడుగుదామనుకుంటే రేపటికి గొట్టంలో ఎర్రతుప్పు సిద్ధంగా ఉంటుంది. అందుకని కాల్చిన పూటే కడగాలి. గొట్టాన్ని కొయ్య నుంచి విడదీసి, దాని అడుగు భాగాన్ని మరుగుతున్న నీళ్ళ బిందెలో నిలబెట్టి, కడ్డీకి గుడ్డ చుట్టి పైకీ కిందికీ లాగితే నీళ్ళు గొట్టంలోకి ఎక్కి దిగుతాయి. మొదటి నీళ్ళు సిరాలాగ వస్తాయి, కుళ్ళిన వాసనతో. తరవాతవి బూడిదరంగు. తేటనీళ్ళు వచ్చేదాకా ఆపకూడదు. నీళ్ళు మరుగుతూనే ఉండాలి, ఎందుకంటే వేడెక్కిన ఇనుమే తనంతట తాను ఆరుతుంది. చల్లనీళ్ళతో కడిగితే చెమ్మ లోపల నిలుస్తుంది.

వేడెక్కిన గొట్టాన్ని పట్టుకోవడానికి నాకు ఆమె గుడ్డ ఇవ్వలేదు. మొదటి రోజునే రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి. నేను గొట్టం కింద పెట్టబోయాను.

"పట్టుకో. సెయ్యి కాల్తే మానుద్ది. గొట్టం తుప్పడితే మానదు," అన్నది అత్త.

ఆ మాట ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. కడగడం పూర్తయ్యాక పరీక్ష ఉండేది. తన పాత తెల్లచీర పీలిక ఒకటి కడ్డీకి చుట్టి గొట్టంలోకి తోసి బయటికి లాగేది. పీలికను పగటి వెలుగుకు పట్టి చూసేది. చీమ నీడంత మరక కనబడినా బిందె మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కేది. అది మచ్చ లేకుండా వచ్చేదాకా నాకు అన్నం లేదు. ఒక్కపూట భోజనం చేసే మనిషి, నా పరీక్ష అయ్యేదాకా తానూ తినేది కాదు. అది దయ అని ఒకప్పుడు అనుకునేదాన్ని. నా ఎదుట కూర్చుని తినకుండా ఉండడం నన్ను తొందరపెట్టడానికేనని తరవాత అర్థమైంది.

కడిగి ఆరబెట్టిన గొట్టానికి నూనె పట్టించాలి. కొబ్బరినూనె గడ్డకడుతుందని, నువ్వులనూనె బంకగా మారుతుందని ఆమె రెంటినీ వాడలేదు. ఆర్యపల్లి నుంచి ఎర్రమ్మ అనే చేపల మనిషి సొరచేప నూనె తెచ్చేది. మీనూ మాంసమూ ముట్టని విధవ ఆ నూనె పిడత పెరట్లో ఒక గూటిలో పెట్టుకుని, వాడిన ప్రతిసారీ తలస్నానం చేసేది. మాఘమాసపు చలిలో కూడా మానలేదు. ఎర్రమ్మకు నోటిదురుసు ఎక్కువ. ఒకసారి పిడత దించుతూ అన్నది.

"ఇంత సొరనూనె రాసుకుంతావు, ఓ ముక్క నోట్లో ఏసుకోవేటమ్మా? ఎవులు సూడొచ్చేరు?"

"నాను తినకూడదే. నా తుపాకీ తింటాది," అన్నది అత్త. "దాని మొగుడు సావనేదు కదా."

ఎర్రమ్మ గంప ఎత్తుకుని పోయింది. అత్త మాత్రం ఆ రోజంతా ఉల్లాసంగా ఉంది. ఎదటివాళ్ళకు జవాబు తోచకుండా చేయడంలో ఆమెకున్న సంతోషం మరి దేనిలోనూ నేను చూడలేదు. ఆ దెబ్బ తనకే తగిలినా సరే ఆమె లెక్కచేయదు.

బరంపురం నుంచి ఒక వకీలుగారు తన తుపాకీ చూపించడానికి వచ్చిన రోజు కూడా నాకు గుర్తే. ఆయన గేట్ బజార్లో కొన్న కొత్త ఉత్తరీయం వేసుకుని, నలుగురు స్నేహితులతో బండి దిగారు. తుపాకీ సరిగా పేలడం లేదని, అప్పలనరసమ్మగారి పేరు విని వచ్చామని మర్యాదగానే చెప్పారు. అత్త గొట్టంలోకి కడ్డీ తోసింది. సగంలో ఆగింది. కొక్కెం తగిలించి లాగితే ఎండిన మట్టిపెళ్ళలు రాలాయి. కుమ్మరిపురుగు గొట్టంలో గూడు కట్టుకుంది. అలాంటి తుపాకీ పేల్చితే గొట్టం పగిలి పేల్చినవాడే పోతాడు. ఆ మాట మెల్లగా చెప్పవచ్చు. అత్త అలా చెప్పలేదు.

"ఇది మీ ఇల్లు కాదు బాబూ. కుమ్మరిపురుగుది. అది పురుడుకొచ్చినాది. పిల్లల్తో ఎల్లిందాకా ఆగండి."

స్నేహితులు నవ్వారు. ఆమె గొట్టంలో పెట్టి తీసిన వేలు నల్లగా, ఎర్రగా ఉంది. చుట్టూ చూసి, వకీలుగారి భుజం మీది ఉత్తరీయం కొసను అందుకుని వేలు తుడుచుకుంది. తుప్పు మరక ఏ చాకలి వల్లా పోదు. ఆయన ఆ తుపాకీ ఎత్తుకుని వెళ్ళిపోయారు. ఆ తరవాత అంకులి దారి పట్టలేదు. కాని ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ రోజు ఆమె చూడకపోతే ఆయన బతికి ఉండేవారు కారు. ఆమె ప్రాణాలు కాపాడిన మనుషులందరూ ఆమెను ద్వేషించారు.

ఇక సన్నాసి. అతను మా తాతగారి కాలంలోనే కాపలాకు కుదిరినవాడు. మితభాషి. గురి చూస్తే తప్పదు. మా పొలంలోనే కాదు, చుట్టుపక్కల ఏ రైతు మడిలో పంది దిగినా సన్నాసి కోసమే కబురు వచ్చేది. పంది ఏ గట్టు వెంట వస్తుందో, ఎన్ని వస్తాయో అడుగుల జాడ చూసి చెప్పేవాడు. చూసింది చూసినట్టు చెబుతాడని ఊళ్ళో పేరు. రెండు కుటుంబాల మధ్య గట్టు తగాదా వస్తే కూడా సన్నాసి ఏం చూశాడని అడిగేవారు. అతనికున్న ఆస్తి అదొక్కటే, అతని కళ్ళ మీద ఊరికున్న నమ్మకం.

నోటి నుంచి దట్టించే తుపాకీతో ఒక చిక్కు ఉంది. అది నిండుగా ఉందో ఖాళీగా ఉందో పైకి తెలియదు. వెనక నుంచి తెరిచి చూసే వీలు లేదు. అందరూ చేసేదేమిటంటే గజం అనే ఇనపకడ్డీని గొట్టంలోకి జారవిడిచి చూస్తారు. కడ్డీ మీద ఒక గీత ఉంటుంది. గీత గొట్టం మూతికి సమంగా నిలిస్తే ఖాళీ. నాలుగు వేళ్ళు పైన నిలిస్తే మందు ఉన్నట్టు. మా ఇంట్లో మాత్రం ఆ పద్ధతి లేదు. దట్టించిన మందు మీద మాటిమాటికీ ఇనుము పడితే మందు నలిగి పొడవుతుందని అత్త నమ్మకం. సన్నాసి ఒకసారి గజం వేసి చూస్తే చీవాట్లు పెట్టింది. ఆమె పద్ధతి వేరు. పంటకాలంలో తుపాకీ దట్టించి గోడకు తగిలించినప్పుడు, మందు అంటించడానికి పడే, గుర్రం అనే పైసుత్తికి నల్ల ఉన్నిదారం ఒకటి చుట్టి ముడివేసేది. దారం ఉంటే మందు ఉన్నట్టు, దారం లేకపోతే ఖాళీ అన్నట్టు. పేల్చినవాడు దారం తెచ్చి ఆమె చేతికి ఇవ్వాలి. తాతగారి కాలం నుంచీ ఆ లెక్క ఒక్కసారి తప్పలేదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు, మార్గశిరమాసంలో, నేను దాన్ని తప్పించాను. ఒంటి గొట్టం తుపాకీ దట్టించి ఉంది. పైన నూనెగుడ్డతో తుడవమని అత్త చెప్పింది. దారం నూనె పీల్చి, దుమ్ము పట్టి జిగురుగా ఉంది. గుడ్డ తగలగానే ముడి దగ్గర తెగిపోయింది. కొత్త దారం కట్టాలని నాకు తెలుసు. దారపుండ తేవడానికి లోపలికి వెళ్ళాను. వడ్లగాదె వెనక నేను దాచుకున్న పుస్తకం ఉంది. రెండు పుటలు చదివి లేద్దామని కూర్చున్నాను. లేచేసరికి దీపాలు పెట్టారు. దారం సంగతి నా మనసులో లేదు.

మర్నాడు తెల్లవారుతూనే తూర్పు మడిలో పందులు దిగాయని కేక వినిపించింది. సన్నాసి వచ్చి గోడ మీది తుపాకీ అందుకున్నాడు. గుర్రానికి దారం లేదు. ఖాళీ అనుకున్నాడు. గట్టు మీద నిలబడి కొమ్ములోంచి మందు పోసి, గుడ్డపీచు, సీసపు గుళ్ళు వేసి దట్టించాడు. అంటే మందు మీద మందు. పేలింది. అత్త పెరట్లో దంతధావనం చేస్తోంది. చేతిలోని చెంబు దించి అన్నది.

"అది మన తుపాకీ మోత కాదు."

ఆమె పరుగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. గొట్టం ఎడమచేతి దగ్గర చీలిపోయింది. సన్నాసి గట్టు మీద కూర్చుని తన చేతి వైపు చూస్తున్నాడు, వేరొకరిది చూస్తున్నట్టు. అత్త తన చీరచెంగు చించి మణికట్టు బిగించి కట్టింది, నెత్తురు ఆపింది, బండి కట్టించి బరంపురం ఆసుపత్రికి పంపింది. ఆ కట్టు కట్టకపోతే మనిషి దారిలోనే పోయేవాడని డాక్టరు అన్నాడట. ఇది కూడా ఆమె లెక్కలోనే వేయాలి.

బండి కదిలాక ఆమె తిన్నగా ఇంట్లోకి వచ్చి గోడ కింద నేల వెతికింది. తెగిన దారం నా నూనెగుడ్డకు అంటుకుని ఉంది. నన్ను పిలిచింది. నేను చెప్పేశాను, పుస్తకం సంగతితో సహా. కొడుతుందని చేతులు ముందుకు చాచాను. చిన్నదానికే కొట్టే మనిషి, ఆ రోజు కొట్టలేదు. దారాన్ని పొయ్యిలో వేసింది.

"నోరు మూసుకో," అన్నది. "నీకు ఈ జన్మకి నోరెలాగా నేదు. అదే మంచిదయినాది."

ఠాణా నుంచి జమేదారు వచ్చాడు. ఊరి పెద్దలు వచ్చారు. అత్త గుమ్మంలో నిలబడి, తన చేతులతోనే తాను దారం కట్టానని, నిన్న సాయంత్రం కూడా చూశానని, వాడు పందుల తొందరలో దాన్ని లాగిపారేసి ఉంటాడని చెప్పింది. చేతి గాయం మానకముందే సన్నాసిని ఆసుపత్రి నుంచి తీసుకువచ్చి అడిగారు. గజం వేసి ఎందుకు చూడలేదురా అని ఒకరు అడిగారు. అత్త వద్దన్నదని అతను చెప్పవచ్చు. చెప్పలేదు. నేల చూసి అన్నాడు.

"అమ్మగోరు కట్టినానంటే కట్టినట్టే బాబూ. నాకే కానరానేదు."

నేను తలుపు వెనక ఉన్నాను. ఆ మాట విన్నాను. నోరు తెరవలేదు.

పగిలిన తుపాకీని సర్కారువారు తీసుకుపోయారు. జంట గొట్టాలది మాకు మిగిలింది, లైసెన్సూ మిగిలింది. ఇంట్లో ఆడపిల్ల దట్టించిన తుపాకీ ముట్టుకుందని తెలిస్తే రెండూ పోయేవి. అత్త నన్ను కాపాడడానికి అబద్ధమాడిందని కొన్నాళ్ళు నేను కృతజ్ఞతతో కరిగిపోయాను. ఒకరోజు ఆమె కాళ్ళు పట్టుకుని ఆ మాట అనేశాను కూడా. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"నీ కోసవేటే గుంటా," అన్నది. "తుపాకీ కోసం."

సన్నాసికి పని పోయింది. అతన్ని మరెవరూ పందులకు పిలవలేదు. గట్టు తగాదాల్లో సాక్ష్యం అడగడం మానేశారు. కళ్ళెదుట ఉన్న దారం కానరానివాడని 'దారం సన్నాసి' అని పేరు పెట్టారు. పిల్లలు నూలుపోగు అతని దారిలో పడేసి, ఇదేమిటో చెప్పమని అడిగేవారు. అతను అడవి ఆకులు ఏరి మోపులు మోసి బతికాడు. భార్య కూలికి పోయింది. కోతలప్పుడు వాళ్ళకు కుంచెడు వడ్లయినా పంపిద్దామని నాన్నగారు ఒకసారి అన్నారు. అత్త వద్దన్నది. ఇస్తే తప్పు మనదని ఒప్పుకున్నట్టవుతుందని, ఇవ్వకపోతే ఊరు రెండేళ్ళలో మరిచిపోతుందని చెప్పింది. ఊరు మరిచిపోలేదు. ఆ ఒక్క విషయంలోనే ఆమె అంచనా తప్పింది.

ఆ తరవాత ఏడేళ్ళూ ఆమె నాకు తుపాకీ గురించి తనకు తెలిసినదంతా నేర్పింది. తడిసిన మందును వెదురుచాటలో నీడన ఆరబెట్టడం, నిప్పురవ్వ పుట్టించే చిన్న రాగిటోపీ పెట్టే ముక్కులో మసిని సూదితో తీయడం, పేలని మందును మెలిక కడ్డీతో వెనక్కి లాగడం. దారం పద్ధతి మానేసి గజం పద్ధతి పెట్టింది. ఎందుకు మార్చారని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె నేర్పినదేదీ నేను మరిచిపోలేదు. మనిషికి పని నేర్పడంలో ఆమెతో సమానమైన గురువును నేను చూడలేదు.

జ్వరం వచ్చిన మూడో రోజు సాయంత్రం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నేను అడిగాను. సన్నాసితో నిజం చెప్పేస్తానన్నాను. మీరే ఒక్కమాట అంటే ఇంకా మంచిదన్నాను. నాన్నగారిని పిలుచుకురమ్మంటారా అని అడిగాను. ఆమెకు స్మృతి బాగానే ఉంది. నా వైపు తిరిగి చూసింది. ముందటి రోజు కొత్త కాపలావాడు తుపాకీ పేల్చి తెచ్చాడు.

"గొట్టం ఆరినాదా?" అన్నది.

ఆరిందన్నాను. సన్నాసి మాట మళ్ళీ ఎత్తాను. ఆమె గోడ వైపు ఒత్తిగిలింది. ఆ తరవాత నాతో ఏమీ మాట్లాడలేదు.

ఆమె పోయిన పదో రోజున నేను ఒక్కదాన్నే సన్నాసి గుడిసెకు వెళ్ళాను. ఎదుట నిలబడి మాట్లాడడం నాకు చేతకాదని, జరిగినదంతా ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్ళాను. అతను బయట కూర్చుని ఆకులమోపుకు తాడు పేనుతున్నాడు, తాడు కొస కాలి వేళ్ళ మధ్య బిగించుకుని. కాగితం అందుకుని తిరగేసి చూసి ఇచ్చేశాడు.

"నాను సదవలేనమ్మా. ఏటో నోటితో సెప్పు."

చెప్పాను. ఎన్నిచోట్ల ఆగానో తెలియదు. భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను ముగించాక కూడా అతను తాడు పేనుతూనే ఉన్నాడు.

"ఏడేళ్ళు," అన్నాడు, భార్య వైపు తల ఊపి. "పొద్దుపొడిసినాదా నేదా అని కూడా దీన్ని అడిగీసేవోన్ని. నా కళ్ళు సూసింది నాను నమ్మడం మానీసినాను."

భార్య నా వైపు చూసి, ఇప్పుడెందుకు చెప్పావని అడిగింది. అమ్మగారు పోయారు గనక నీకు ధైర్యం వచ్చిందన్నమాట అన్నది. నేను కాదనలేదు. క్షమించమని అడిగాను. సన్నాసి మోపు పక్కన పెట్టి లేచాడు.

"నాతో సెప్తే నాకేటొస్తాది? కాయితం రాస్తే మా వోళ్ళు సదూతారేటి? పన్నెండోనాడు ఊరంతా మీ పందిట్లోకి వస్తాది. అందరూ ఇనీటట్టు సెప్పు. దారం నేదని సెప్పు. అంతే సాలు."

నేను ఐదుగురి ఎదుట ఎన్నడూ గొంతెత్తి మాట్లాడినదాన్ని కాదు. ఆ రెండు రోజులూ చెప్పవలసిన నాలుగు వాక్యాలూ మనసులో చదువుకుంటూ గడిపాను. పన్నెండో రోజున పందిట్లో అరవై, డెబ్బై మంది ఉన్నారు. తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, ఆర్యపల్లి నుంచి ఎర్రమ్మ కూడా. ఆకులు వేశారు. సన్నాసి వరస చివర కూర్చున్నాడు, కడిగిన పంచె కట్టుకుని, భార్యతో. వడ్డన మొదలవకముందు నేను నాన్నగారి పక్కకు వచ్చి నిలబడ్డాను. దారం తెంపింది నేనని, మళ్ళీ కట్టలేదని, సన్నాసి చూసినప్పుడు దారం లేదని, అతని కళ్ళు చూసింది నిజమని అన్నాను. గొంతు సన్నగా వచ్చినా, చివరి వరస దాకా వినబడింది. వినబడినట్టు వాళ్ళ ముఖాల్లో తెలిసింది.

ఊరి పెద్ద కళ్ళు ఒత్తుకున్నాడు.

"సూసినారా, అప్పలనరసమ్మగోరి పెంపకం," అన్నాడు. "ఇంకొకడి తప్పు తన నెత్తినేసుకుంతన్నాది తల్లి."

అవునవునని పందిరంతా గొణిగింది. కాదు, నిజమేనని నేను మళ్ళీ అన్నాను. వెనక నుంచి ఎవరో, దారం కట్టానని ఆవిడ ఆనాడు అందరి ముందూ చెప్పింది కదా, ఆవిడ అబద్ధమాడే మనిషా అని అడిగారు. ఆమె నోటి దురుసు ఎరిగినవాళ్ళు, ఆమె చేతిలో అవమానాలు పడినవాళ్ళు, ఒక్కరు కూడా ఆమె అబద్ధమాడుతుందని ఒప్పుకోలేదు. ఎవరి ముఖాన పడితే వాళ్ళ ముఖాన నిజం కొట్టి బతికిన మనిషి. ఎర్రమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఈ పిల్లకి ఎంత జాలిగుండె అన్నది. నాన్నగారు నా భుజం మీద చెయ్యి వేసి, కూర్చో అమ్మా అన్నారు. ఆయన కూడా నమ్మలేదు.

సన్నాసి ఆకు ముందు నుంచి లేచాడు. నా దగ్గరికి వచ్చి ఆగాడు.

"సెప్పినావులే," అన్నాడు. కోపంగా అనలేదు. భార్యను తీసుకుని, తినకుండా వెళ్ళిపోయాడు. పందిట్లో ఎవరో, దారం సన్నాసికి ఇప్పుడు రోషం కూడా వచ్చిందని నవ్వారు.

అప్పలనరసమ్మగారి వంటి మనిషి మా వంశంలో మళ్ళీ పుట్టదు. అలా పని తెలిసినవారు, అలా పని నేర్పగలిగినవారు, అలా భయం లేకుండా బతికినవారు ఈ జిల్లాలో ఎందరున్నారో నాకు తెలియదు. ఆమెకు నేను రుణపడి ఉన్నాను, నమస్కరిస్తున్నాను. ఆమె పోవడం మా ఇంటికి తీరని నష్టం. సన్నాసికి అంతకన్నా తీరని నష్టం. అతని కళ్ళు అతనికి తిరిగి ఇవ్వగలిగిన మాట ఒక్కటే ఉంది. ఆ మాట ఎవరు అన్నా ఊరు నమ్మదు, ఆమె అంటేనే నమ్ముతుంది. గోడ వైపు ఒత్తిగిలిన ఆ సాయంత్రం ఆమెకు ఇంకా పన్నెండు గంటల ఆయుష్షు ఉంది.

ఇది చదివినవారిలో అంకులి వెళ్ళేవారు ఉంటే, అక్కడ నలుగురు కూడినచోట పైకి చదివి వినిపించమని వేడుకుంటున్నాను. నమ్మరని నాకు తెలుసు. అయినా చదవండి. సన్నాసి దారం లేదనే చూశాడు. దారం లేదు.